బోర్డు రాయించే ముందు: పేరు పక్కన ఏ హోదా పెట్టుకోవచ్చో తేల్చుకోవడం ఎలా

పర్లాకిమిడిలో మాది ఫ్లెక్సులు, నేమ్‌ప్లేట్లు, రబ్బరు స్టాంపులు చేసే షాపు. చదువు ముగించుకుని కొత్తగా వచ్చినవాళ్లు, పాత బోర్డు మార్పించుకునేవాళ్లు, చుట్టుపక్కల ఊళ్లలో మందులిచ్చేవాళ్లు, అందరూ మా కౌంటరు దగ్గర ఒకే చోట ఆగిపోతారు. పేరుకి ముందు ఏం పెట్టాలి, వెనక ఏం పెట్టాలి? ఊరి పొలిమేర దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, చదువు విశాఖలోనో శ్రీకాకుళంలోనో, ప్రాక్టీసు మాత్రం ఒడిశాలో. రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురం తెలుగువాళ్లలో చాలామందిది ఇదే వరస. కాబట్టి చట్టం ఏ హోదాకి తాళం వేసింది, దేన్ని వదిలేసింది, సరిహద్దులో ఉన్నవాళ్లు అదనంగా ఏం చూసుకోవాలి అన్నది చెబుతాను. మీరు బోర్డు పెట్టేవారైనా, ఎవరి బోర్డో నమ్మి లోపలికి వెళ్లేవారైనా పనికొస్తుంది.

1. ముందు మీ హోదా ఏ రకమో చూసుకోండి

కొన్ని హోదాలకి చట్టం పేరునే కట్టడి చేసింది. కొన్నింటికి పనిని కట్టడి చేసింది. ఇంకొన్నింటిని అసలు పట్టించుకోలేదు. ఈ తేడా తెలియక అనవసరంగా భయపడేవాళ్లూ ఉన్నారు, అస్సలు భయం లేకుండా రాయించేసేవాళ్లూ ఉన్నారు.

పేరుకి తాళం వేయడం అంటే ఏమిటో ఆర్కిటెక్ట్ విషయంలో బాగా కనిపిస్తుంది. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైనవాళ్లే తమని తాము ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. మరి ఇళ్ల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ సంగతేమిటి? సుప్రీంకోర్టు 2020 మార్చిలో దీన్ని తేల్చింది: ఆ చట్టం అడ్డుకునేది ఆ పేరు వాడుకోవడాన్ని, గీసే పనిని కాదు. అంటే నమోదు లేనివాళ్లు డిజైను పని చేసుకోవచ్చు, బోర్డు మీద మాత్రం ఆర్కిటెక్ట్ అని రాసుకోకూడదు. ప్రభుత్వాఫీసులైనా సరే, నమోదు లేని ఉద్యోగికి ఆ పేరుతో పోస్టు ఇవ్వకూడదని అదే తీర్పులో ఉంది. మా దగ్గరికి వచ్చే డ్రాఫ్ట్స్‌మన్‌లకి నేను చెప్పేది "బిల్డింగ్ ప్లాన్స్ అండ్ డిజైన్స్" అని వేయించుకోమని. ఎవరికీ నష్టం లేదు.

ఇంజనీరుది దీనికి పూర్తిగా ఉల్టా. ఆ మాటని కాపాడే కేంద్ర చట్టమే లేదు. బీటెక్ అయినా, డిప్లొమా అయినా పేరు ముందు "ఇంజనీర్" అని రాసుకుంటే ఆ ఒక్క కారణంతో కేసు పెట్టడానికి సెక్షన్ ఏదీ లేదు. కానీ "చార్టర్డ్ ఇంజనీర్" అన్నది వేరే సంగతి. 1920లో పుట్టి 1935లో రాయల్ చార్టర్ అందుకున్న ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ తన సభ్యులకి ఇచ్చే హోదా అది. అలాగే ప్లాను మీద సంతకం పెట్టడానికి ఇంజనీరు అన్న పేరొక్కటే చాలదు. ఒడిశా డెవలప్‌మెంట్ అథారిటీల 2020 నియమాల కింద సాంకేతిక నిపుణుడిగా గుర్తింపు కావాలి.

ఇక కన్సల్టెంట్, కౌన్సెలర్, ట్రైనర్, జర్నలిస్ట్, ప్రొఫెసర్: వీటి తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. మ్యాజిక్ చేసేవాళ్లూ చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లూ ప్రొఫెసర్ అని రాసుకోవడం మనం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

అయితే తెరిచిన తలుపు పక్కనే మూసిన తలుపు ఉంటుంది, అక్కడే జాగ్రత్త. కౌన్సెలర్ అనవచ్చు, క్లినికల్ సైకాలజిస్ట్ అనాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో పేరుండాలి. టాక్స్ కన్సల్టెంట్ అనవచ్చు, జీఎస్టీ ప్రాక్టీషనర్ అనాలంటే 2017 నాటి జీఎస్టీ నియమాల్లో 83వ నియమం కింద నమోదు కావాలి, చార్టర్డ్ అకౌంటెంట్ అనాలంటే వాళ్ల జాతీయ సంస్థ ఐసీఏఐ సభ్యత్వం కావాలి. ఎలక్ట్రీషియన్ అనవచ్చు, "లైసెన్స్‌డ్ ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్" అంటే మాత్రం ఒడిశా ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు కాగితం చేతిలో ఉండాలి.

2. పట్టా పక్కన పెట్టి నంబరు వెతకండి

ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటి గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. హోదా పుట్టేది యూనివర్సిటీలో కాదు, రిజిస్టరులో. మీరు ఏం చదివారో పట్టా చెబుతుంది. మీ పేరు ఏ జాబితాకి ఎక్కిందో, ఇప్పటికీ అందులో ఉందో లేదో నంబరు చెబుతుంది.

లా చదివినవాళ్లని చూడండి. ఎల్ఎల్‌బీ చేతికొచ్చిన మరుసటి వారం "అడ్వకేట్" స్టిక్కరు బండి మీదకి ఎక్కేస్తుంది. 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదయ్యేదాకా ఆయన లా గ్రాడ్యుయేటే. నమోదు లేకుండా ప్రాక్టీసు చేస్తే 45వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. నమోదయ్యాక కూడా ఆలిండియా బార్ పరీక్ష పాసై సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ తెచ్చుకోవాలి.

ఫీజుకి భయపడి నమోదు వాయిదా వేసేవాళ్లకి ఒక మంచి మాట. ఒడిశాలో ఎన్‌రోల్‌మెంట్ ఖర్చు 42,100 రూపాయలు అవుతోందని సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 2024 జులై 30న కోర్టు తీర్పు ఇచ్చింది: చట్టంలో రాసినట్టు జనరల్ వాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలు, అంతకి మించి ఎన్‌రోల్‌మెంట్ పేరుతో వసూలు చేయకూడదు. అంత మొత్తం ఇంకా ఎవరైనా చెబితే ఈ తీర్పు తేదీ గుర్తుంచుకోండి.

సీఏ చదువుతున్న పిల్లలకీ ఇదే మాట. ఇంటర్ పాసైతే "సీఏ ఇంటర్" అని బయోడేటాలో రాసుకోవచ్చు గానీ, బోర్డు మీద సీఏ అన్న రెండక్షరాలు పెద్దగా, ఇంటర్ అన్నది చీమ తలకాయంత రాయించడం కుదరదు. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఫైనల్ పాసైనా సభ్యత్వం నంబరు వచ్చేదాకా ఆగాలి.

ఎంబీబీఎస్ చివర హౌస్ సర్జన్సీ చేసేవాళ్ల దగ్గర ఉండేది తాత్కాలిక రిజిస్ట్రేషన్. అది కాలేజీ ఆసుపత్రిలో పని నేర్చుకోవడానికి. సొంత క్లినిక్కి బోర్డు కట్టడానికి కాదు.

3. ఏ రాష్ట్రం రిజిస్టరు అన్నది తేల్చుకోండి

మన జిల్లాల్లో అసలు చిక్కు ఇదే. భువనేశ్వర్‌లోనో విజయవాడలోనో ఉన్నవాడికి ఈ గొడవ లేదు. పొద్దున్న పాతపట్నంలో టిఫిన్ చేసి పర్లాకిమిడిలో షాపు తెరిచేవాడికి ఉంది.

తేలిక వాటితో మొదలుపెడదాం. చార్టర్డ్ అకౌంటెంట్, కంపెనీ సెక్రటరీ, ఆర్కిటెక్ట్: వీటికి దేశమంతటికీ ఒకే రిజిస్టరు. ఇచ్ఛాపురంలో ఉన్నా బరంపురంలో ఉన్నా నంబరు మారదు. మరిచిపోండి.

లాయర్లకి మధ్యస్థంగా ఉంటుంది. ఆంధ్రా బార్ కౌన్సిల్‌లో నమోదైనవారు ఒడిశా కోర్టుల్లో వాదించవచ్చు. దేశంలో ఏ కోర్టులోనైనా ప్రాక్టీసు చేసే హక్కునిచ్చే 30వ సెక్షన్ 1961 నుంచీ పుస్తకంలో ఉన్నా, 2011 జూన్ 15న గానీ అమల్లోకి రాలేదు. యాభై ఏళ్లు నిద్రపోయిన సెక్షన్ అది. హైకోర్టులకి తమ దగ్గర హాజరయ్యే పద్ధతి మీద సొంత నియమాలు పెట్టుకునే అధికారం మాత్రం ఉంది. ఇక ఒకేసారి రెండు రాష్ట్రాల రోల్‌లో, అంటే లాయర్ల జాబితాలో, పేరు ఉండకూడదు, 17వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతుంది. పూర్తిగా ఇటు వచ్చేస్తే 18వ సెక్షన్ కింద పేరు కటక్‌లోని ఒడిశా బార్ కౌన్సిల్‌కి మార్పించుకోవచ్చు. దానికి ఫీజు లేదు, సీనియారిటీ పోదు. అందుకని విజిటింగ్ కార్డు మీద "ఏపీ అండ్ ఒడిశా బార్ కౌన్సిల్" అని రెండూ వేయించకండి. ఆ కార్డు చూసి ముచ్చటపడేది క్లయింటే, తోటి లాయరు నవ్వుకుంటాడు.

నోటరీ అయితే మీ సర్టిఫికెట్‌లో ఏ ప్రాంతం రాశారో అక్కడికే మీ సంతకం చెల్లుతుంది. గజపతి జిల్లాకి ఇచ్చిన నోటరీ ముద్ర పాతపట్నంలో కూర్చుని కొట్టకూడదు. నోటరీ స్టాంపు చేయించేటప్పుడు ఆ ప్రాంతం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అందులోనే చెక్కించుకోండి.

ఫార్మసిస్టుల చట్టంలో ఈ రాష్ట్రం సంగతి నిర్వచనంలోనే ఉంది. 1948 ఫార్మసీ చట్టం దృష్టిలో రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్ అంటే ప్రస్తుతం తాను ఉంటున్న రాష్ట్రంలో గానీ, పనిచేస్తున్న రాష్ట్రంలో గానీ రిజిస్టరుకెక్కిన మనిషి. విశాఖలో బీఫార్మసీ చదివి, ఏపీ కౌన్సిల్‌లో నంబరు తీసుకుని, కాపురమూ షాపూ రెండూ రాయగడకి మార్చేశాక ఆ పాత నంబరుతోనే నడుపుకుంటూ పోతే నిర్వచనంలోంచి బయటపడిపోయినట్టే. పాతపట్నంలో ఇల్లు ఉంచుకుని ఇక్కడ షాపు పెట్టినవాళ్లకి కొంత వెసులుబాటు ఉన్నా, డ్రగ్ లైసెన్సు ఇచ్చేది ఒడిశా వాళ్లు కాబట్టి నంబరు కూడా ఒడిశా ఫార్మసీ కౌన్సిల్‌కి తెచ్చుకోవడమే మంచిదని నా సలహా. ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి నిర్వచనాలు చదివి వినిపించే ఓపిక ఎవరికుంది.

డాక్టర్లు ఆంధ్రా మెడికల్ కౌన్సిల్ నుంచి ఎన్‌వోసీ తెచ్చుకుని భువనేశ్వర్‌లోని ఒడిశా కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రిజిస్ట్రేషన్‌లో పేరు ఎక్కించుకోవడం పద్ధతి. ఇది మనిషికి. క్లినిక్కుకి వేరే రిజిస్ట్రేషన్ ఉంది, ఒడిశాకి 1990 నుంచీ సొంత క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది. అటుపక్క డీఎంహెచ్‌వో అనే జిల్లా వైద్యాధికారిని ఇక్కడ సీడీఎంవో అంటారు, ఫైలు వెళ్లేది ఆ ఆఫీసుకే. నర్సులూ అంతే, చదివిన రాష్ట్రం కౌన్సిల్ నుంచి ఇక్కడి కౌన్సిల్‌కి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవాలి. వైర్‌మన్ పర్మిట్ ఎలాగూ రాష్ట్రానిదే.

4. బోర్డు మీద అక్షరం అక్షరం

డాక్టరు బోర్డుకి నియమాలు ఉన్నాయని చాలామంది డాక్టర్లకే తెలియదు. 2002లో వచ్చిన వైద్యుల వృత్తి ప్రవర్తనా నియమావళి ఇప్పటికీ అమల్లో ఉంది. 2023లో కొత్తది తెచ్చారు గానీ కొద్ది రోజులకే దాన్ని ఆపేసి పాతదానికే వచ్చారు. ఆ నియమావళి ప్రకారం బోర్డు మరీ పెద్దదిగా ఉండకూడదు. దాని మీద ఉండాల్సింది పేరు, యూనివర్సిటీ గానీ చట్టబద్ధ సంస్థ గానీ ఇచ్చిన డిగ్రీలు, స్పెషాలిటీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఏ రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదో ఆ పేరు. ఇంతే. ప్రిస్క్రిప్షన్ చీటీ మీదా ఇవే ఉండాలి. నంబరు క్లినిక్‌లో గోడ మీద, రసీదు మీద, సర్టిఫికెట్ల మీద కూడా కనబడాలి.

మరో రూలు ఉంది, దీన్ని మన బజార్లో ఎంతమంది పాటిస్తున్నారో మీరే చూసుకోండి: మందుల షాపు మీద డాక్టరు బోర్డు కట్టడం, తాను ఉండని, పనిచేయని చోట కట్టడం తగదు. "ప్రతి ఆదివారం ఫలానా మెడికల్స్‌లో ఫలానా డాక్టరుగారు" అన్న ఫ్లెక్సు ఆర్డరు వచ్చినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

స్పెషలిస్ట్ అన్న మాట కూడా ఇష్టమొచ్చినట్టు వేయకూడదు. ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్ట్‌నని చెప్పుకోకూడదని అదే నియమావళిలో ఉంది. రెండు వారాంతాల ఆన్‌లైన్ కోర్సు సర్టిఫికెట్‌తో "షుగర్ స్పెషలిస్ట్" వేయమంటే, పెద్దగా చర్చలోకి దిగకుండా "షుగరు వ్యాధికి చికిత్స చేయబడును" అని వేసి ఊరుకుంటాను.

ఎర్ర శిలువ గుర్తు వద్దు. క్లినిక్ బోర్డు అనగానే ఆర్టిస్టు చెయ్యి దానంతట అదే తెల్ల గుండ్రంలో ఎర్ర ప్లస్ వేసేస్తుంది. 1960 జెనీవా కన్వెన్షన్స్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ గుర్తు వాడకూడదు. ప్లస్సుని ఆకుపచ్చ చేసేస్తే సరిపోతుంది.

మందుల షాపు బోర్డు ఇంకా సరదాగా ఉంటుంది. 1945 డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు షాపు పేరు పక్కన ఏం రాయాలో విడదీసి చెప్పింది. ఫార్మసిస్ట్ అవసరం లేని, పరిమితమైన మందులు అమ్మే షాపు "డ్రగ్ స్టోర్". ఫార్మసిస్ట్ ఉండి, మందు కలిపి ఇచ్చే ఏర్పాటు లేనిది "కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్". ఫార్మసిస్టూ ఉండి, చీటీ చూసి మందు తయారుచేసి ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నదే "ఫార్మసీ". ఇప్పుడు బరంపురం పెద్ద బజారు నుంచి గుణుపురం సంత దాకా ఏ బోర్డు చూసినా ఫార్మసీ అనే ఉంటుంది, వాటిలో కల్వం రోలు ఉన్నది ఎక్కడ? కొత్తగా లైసెన్సు తీసుకుంటున్నవారు మాత్రం "కెమిస్ట్స్ అండ్ డ్రగ్గిస్ట్స్" అని వేయించుకుంటే నిశ్చింత. గోడ మీద సర్టిఫికెట్ ఉన్న ఫార్మసిస్ట్ ఎక్కడో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, కౌంటరులో పదో తరగతి కుర్రాడు మందులిచ్చే వ్యవహారం గురించి అందరికీ తెలుసు. అది హోదాని అద్దెకివ్వడం. ఫార్మసిస్ట్ ఎదురుగా లేకుండా చీటీ మందులు ఇవ్వడం నేరం, సర్టిఫికెట్ అద్దెకిచ్చినవారి నమోదుకీ ముప్పు.

లాయరు బోర్డుకి బార్ కౌన్సిల్ 36వ నియమం ఉంది. సైజు మితంగా ఉండాలి. బార్ అసోసియేషన్ అధ్యక్షుడినని గానీ, పూర్వం జడ్జినని గానీ, ఫలానా రకం కేసుల్లో దిట్టనని గానీ రాయకూడదు. "క్రిమినల్ స్పెషలిస్ట్" అన్న బోర్డు చదివితే ఎటూ రెండర్థాలొస్తాయి, వద్దు.

భాష విషయం. దుకాణాల బోర్డుల మీద ఒడియా తప్పనిసరి చేస్తూ 2018లో ఒడిశా చట్టాన్ని సవరించారు. కాబట్టి మన బోర్డుల మీద ఒడియా, ఇంగ్లీషు, కింద తెలుగు అన్నది మామూలైపోయింది. కొందరు ఇంగ్లీషు వరసలో పేరు మాత్రం రాయించి తెలుగు వరసలో "డాక్టర్‌గారు" చేరుస్తారు, ఆఫీసరు తెలుగు చదవడని ధీమా. గజపతి జిల్లాలో తెలుగు చదవలేని ఆఫీసరు ఉండవచ్చు, చదివి చెప్పేవాడు పక్కనే ఉంటాడు. మూడు వరసల్లోనూ ఒకే హోదా ఉండేలా చూసుకోండి.

5. "డాక్టర్" అన్న మాట దగ్గర కాసేపు ఆగండి

ఎంబీబీఎస్, దంతవైద్యంలో బీడీఎస్, ఆయుర్వేదంలో బీఏఎంఎస్, హోమియోలో బీహెచ్ఎంఎస్, పశువైద్యంలో బీవీఎస్సీ: వీళ్లంతా తమ తమ రిజిస్టర్లలో ఉంటే డాక్టర్ అని రాసుకుంటారు, అభ్యంతరం లేదు. అయితే ఎవరి వైద్యం వారిదే. హోమియో డాక్టరు ఇంగ్లీషు మందులిచ్చి రోగి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1996లో, తనకి రాని పద్ధతిలో వైద్యం చేసేవాడు నకిలీ వైద్యుడే అన్న అర్థంలో తీర్పు చెప్పింది. హోమియో చదివినవారు బోర్డు మీద "హోమియో" అన్న ముక్క చిన్నగా వేయమని అడిగితే నేను ఈ కేసు చెబుతాను.

పీహెచ్‌డీ ఉన్నవాళ్ల డాక్టరు హక్కు యూనివర్సిటీ ఇచ్చినది, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ తెలుగులో పీహెచ్‌డీ చేసి మందుల షాపు పెట్టి, షాపు బోర్డు మీద "డాక్టర్" అని మాత్రమే రాస్తే చూసేవాడు ఏమనుకుంటాడు? పేరు వెనక పీహెచ్‌డీ అని రాయడమే మర్యాద. గౌరవ డాక్టరేట్ల జాతర సంగతి వేరే చెప్పక్కర్లేదు. డిగ్రీ ఇచ్చే అధికారం 1956 యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం చట్టబద్ధ యూనివర్సిటీలకే ఉంది. హోటల్ హాల్లో శాలువా కప్పి ఇచ్చిన డాక్టరేట్‌కి విలువ ఆ శాలువాదే. యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితా రాష్ట్రాలవారీగా పెడుతుంది, ఒకసారి చూసుకోండి.

ఫిజియోథెరపిస్టుల విషయం ఇంకా నలుగుతోంది. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్, ఫిజియోలు డాక్టర్ అని రాయకూడదంటూ లేఖ ఇచ్చి, వెంటనే వెనక్కి తీసుకుంది. మీరు ఫిజియో అయితే ఏం రాసినా "ఫిజియోథెరపిస్ట్" అన్న మాట పక్కనే, అదే సైజులో వేయించండి. రేపు నియమం ఎటు మారినా బోర్డు మార్చక్కర్లేదు.

ఎలక్ట్రో హోమియోపతి పట్టాలతో వచ్చేవాళ్లు మన ప్రాంతంలో ఎక్కువ. గుర్తింపు ఉన్న వైద్య పద్ధతుల వాళ్లే డాక్టర్ అన్న మాట వాడేలా చూడాలని కేంద్రం 2003 నవంబరు 25న రాష్ట్రాలకి రాసింది. ఆ గుర్తింపు ఉన్నవాటిలో ఇది లేదు.

ఇక మన ఆర్‌ఎంపీలు. చట్టంలో ఆ మూడక్షరాల అర్థం రిజిస్టరులో పేరున్న వైద్యుడని. ఊళ్లో పిలిచే ఆర్‌ఎంపీకి ఏ రిజిస్టరులోనూ పేరు ఉండదు. సవర పల్లెల్లో, కొండ మీద గూడేల్లో రాత్రిపూట తలుపు తడితే లేచేది వాళ్లే, ఆ మాట నేను కాదనను. సర్కారు డాక్టరు లేని చోట వాళ్ల మీద కేసులు పెట్టి సాధించేది తక్కువనే నా అభిప్రాయం కూడా. కానీ బోర్డు వేరు, సేవ వేరు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులో లేకుండా అర్హత గల వైద్యుడిలా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా చెల్లించాలంటే ఊరివాళ్ల ఇన్నేళ్ల ఇంజక్షన్ డబ్బులు సరిపోవు. అందుకని "డాక్టర్"గానీ, "ఆర్‌ఎంపీ"గానీ, "క్లినిక్"గానీ వేయకుండా "ప్రథమ చికిత్స కేంద్రం" అని వేయించుకుని, లోపల కూడా అంతవరకే చేయండి అని చెబుతాను. కొందరు వింటారు, కొందరు వేరే షాపుకి వెళ్తారు.

6. స్టాంపు, లెటర్‌హెడ్

బోర్డు చూసి మనిషి మోసపోతాడు, స్టాంపు చూసి ఆఫీసు మోసపోతుంది. కాబట్టి స్టాంపుకి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జిరాక్సు ఇవ్వాలి, నంబరు స్టాంపులో ఉండాలి. పేరు, అర్హత, నంబరు, కౌన్సిల్, నాలుగు వరసలు. నంబరు వరస తీసేయమని ఎవరైనా పట్టుబడితే అక్కడే సంగతి అర్థమైపోతుంది.

ప్రభుత్వ హోదా లేకుండా ఉన్నట్టు చూపించుకుని ఆ పేరుతో పని జరిపించుకోబోతే భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ ఉంది, తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఎక్కువలో మూడేళ్లు. మూడు సింహాల గుర్తు ప్రైవేటు లెటర్‌హెడ్ మీద 2005 చట్టం ప్రకారం నిషేధం, "మానవ హక్కుల" సంఘం అధ్యక్షులు కూడా ఇందులోకే వస్తారు. అంతెందుకు, పద్మశ్రీ వచ్చినవాళ్లు కూడా దాన్ని పేరుకి ముందు గానీ వెనక గానీ తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

7. ఎదుటివాళ్ల బోర్డు సరిచూడాలంటే

డాక్టరుకి: జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉంది. పేరుతో వెతకకండి, నంబరూ రాష్ట్ర కౌన్సిలూ ఇచ్చి వెతకండి. మన తెలుగు పేర్లలో ఇంటిపేరు ఒకసారి ముందూ ఒకసారి వెనకా, ఒకసారి పొడి అక్షరం, ఒకసారి పూర్తిగా ఉంటుంది, స్పెల్లింగు సంగతి సరేసరి. పేరుతో వెతికితే ఉన్నవాళ్లు కూడా లేనట్టు కనిపిస్తారు. నంబరు దొరికాక పేరొక్కటే కలిసిందని ఆగిపోకుండా తండ్రి పేరు, డిగ్రీ, యూనివర్సిటీ, పాసైన సంవత్సరం బోర్డుతో కలుస్తున్నాయా చూడండి. ముప్పై ఏళ్ల మనిషి బోర్డు మీద 1988 నాటి నంబరు ఉంటే అది వాళ్ల నాన్నగారిది అయినా కావాలి, అరువుది అయినా కావాలి. కొత్తగా నమోదైనవాళ్లు జాతీయ జాబితాలోకి ఆలస్యంగా వస్తారు, అప్పుడు రాష్ట్ర కౌన్సిల్‌నే అడగాలి.

సీఏకి: సంతకం పెట్టిన ప్రతి సర్టిఫికెట్ మీద అంకెలూ అక్షరాలూ కలిపి పద్దెనిమిది ఉండే యూడీఐఎన్, అంటే ఆ కాగితానికి మాత్రమే ఇచ్చే గుర్తింపు నంబరు ఉండాలి, ఐసీఏఐ వెబ్‌సైటులో కొట్టి చూడవచ్చు. బ్యాంకు లోనుకి నెట్‌వర్త్ సర్టిఫికెట్ తీసుకునేవాళ్లు ఇది చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఆర్కిటెక్ట్ నంబరు కూడా "సీఏ" అక్షరాలతోనే మొదలవుతుంది, తర్వాత సంవత్సరం, తర్వాత అంకెలు. అది చూసి ఆర్కిటెక్ట్‌ని ఆడిటర్ అనుకోకండి.

ఫార్మసిస్టుకి: గోడ మీద సర్టిఫికెట్‌లోని ఫొటో, కౌంటరులో ఉన్న మొహం. అంతకన్నా వేరే పరీక్ష అక్కర్లేదు.

8. తప్పుడు హోదా అని తేలితే

ఇక్కడ చాలామంది తప్పు గుమ్మం ఎక్కుతారు. మెడికల్ కౌన్సిల్, బార్ కౌన్సిల్, ఐసీఏఐ చర్య తీసుకునేది తమ రిజిస్టరులో ఉన్నవాళ్ల మీద. పేరే లేనివాడిని ఏ జాబితాలోంచి తీసేస్తారు? కాబట్టి నిజమైన డాక్టరే తనకి లేని స్పెషాలిటీ రాసుకుంటే భువనేశ్వర్ కౌన్సిల్‌కి రాయండి. అసలు డాక్టరే కాకపోతే సీడీఎంవోకి, పోలీస్ స్టేషన్‌కి ఇవ్వండి, వేరొకరి పేరో నంబరో వాడుకుని మోసం చేస్తే న్యాయ సంహిత 319వ సెక్షన్ కూడా చెప్పండి. మందుల షాపు అయితే డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్.

డబ్బు నష్టం అడగాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. సరిహద్దువాళ్లకి ఇక్కడ ఒక గొప్ప వెసులుబాటు ఉంది. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదుదారుడు తాను ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. పాతపట్నం మనిషి పర్లాకిమిడిలో చేయించుకున్న వైద్యం మీద శ్రీకాకుళంలో వేయవచ్చు, రాయగడ మనిషి విశాఖ ఆసుపత్రి మీద తన జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. లాయర్ల మీద మాత్రం ఈ దారి మూసుకుపోయింది, వకీలు సేవ ఈ చట్టం కిందకి రాదని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది, వాళ్లకి బార్ కౌన్సిలే.

ఏ గుమ్మం ఎక్కినా అడిగేది కాగితమే. బోర్డు ఫొటో, అందులో నంబరు వరస చదవగలిగేలా దగ్గరగా, ఇంకొకటి షాపు మొత్తం కనిపించేలా దూరంగా తీసి పెట్టుకోండి, ఫిర్యాదు వెళ్లిందని తెలిస్తే ఆ ఫ్లెక్సు తెల్లారేసరికి ఉండదు. మందుల చీటీ, బిల్లు, ఫోన్‌పేలో డబ్బు వెళ్లిన స్క్రీన్‌షాట్ దాచండి. ఆసుపత్రి రికార్డులు కావాలంటే రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితం నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. రిజిస్టరులో ఉన్న డాక్టరు అయితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నియమావళిలోనే ఉంది.